తూర్పున జమ్మలమడుగు

పోయిన వారం మిమ్మల్ని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వచ్చే సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చోబెట్టి నా దారిన నేను దిగిపోయాను. అప్పుడు నా ఒళ్లో ఒక ప్లాస్టిక్ షీటు ఉంది. దాన్ని వెనక్కి తిప్పి చూసేసరికి మా జిల్లా సరిగ్గా కనిపించింది. అంటే ముందువైపు తప్పుగా ఉందన్నమాట. ఇవాళే కొత్తగా చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పేస్తాను. అంతకంటే ఎక్కువ చెప్పే ఓపిక లేదు. ఈ వారం నాకు కోపం కంటే రోత ఎక్కువగా ఉంది.

నా పేరు కెరోలిన్. చూపులేని పిల్లలకూ, చూపు బాగా తక్కువున్న పిల్లలకూ బొమ్మల్ని వేళ్లతో చదవడం నేర్పుతాను. పుస్తకంలో మీరు కళ్లతో చూసే పటాలు, త్రిభుజాలు, గుండె బొమ్మ, ఇవన్నీ వాళ్ల కోసం ఉబ్బెత్తు గీతలుగా తయారవుతాయి. ఆ గీతల్ని తడిమి తెలుసుకోవడం ఒక విద్య, అక్షరాలు నేర్చుకున్నట్టే దాన్నీ కూర్చుని నేర్చుకోవాలి. ప్రొద్దుటూరులో ప్రేమ్ సాగర్ గారు నడిపే అంధుల బడిలో ఈ వేసవి సెలవుల తర్వాత చేరాను. ఆయన, మా నాన్న యేసురత్నం ఒకప్పుడు ఒకే చర్చిలో పాటలు పాడేవాళ్లు. ఆ పరిచయం మీద వచ్చిన ఉద్యోగం ఇది.

మొన్న బడిలో దాతల సభ జరిగింది. ముద్దనూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే మహీన్‌ను వేదిక మీద కూర్చోబెట్టారు. పుట్టుకతోనే చూపులేని పిల్ల. ముందు ఉబ్బెత్తు జిల్లా పటం పెట్టి, ప్రొద్దుటూరుకు జమ్మలమడుగు ఏ దిక్కున ఉందో చెప్పమన్నారు. మహీన్ నేను నేర్పినట్టే ముందు రెండు అరచేతులూ పరిచి షీటంతా తడిమింది. ఎడమచేతి వేలు ప్రొద్దుటూరు చుక్క మీద నిలిపింది. కుడిచేత్తో వెతికి జమ్మలమడుగు పేరు బ్రెయిలీలో చదువుకుంది. తూర్పున ఉంది సార్ అంది. సభంతా పగలబడి నవ్వింది, ఎందుకంటే ఈ జిల్లాలో జమ్మలమడుగు ప్రొద్దుటూరుకు పడమరని తెలియనివాళ్లు లేరు. ఆ వెంటనే ప్రశాంతి అనే ఇంకో పిల్లను పిలిచారు. ఆ పిల్ల షీటు మీద వేలు అటూ ఇటూ ఆడించి పడమర అంది. చప్పట్లే చప్పట్లు. ఈ నవ్వుల మధ్యే మహీన్ వాళ్లమ్మను పిలిపించమని ప్రేమ్ సాగర్ గారు ఆర్డరేశారు. నేను ఆ షీటును సంచిలో వేసుకుని బస్సెక్కాను. తర్వాతది మీకు తెలుసు.

ఇన్నాళ్లూ చూడలేదా అని మీరడగొచ్చు. ఆ షీట్లు ప్రేమ్ సాగర్ గారి బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఖరీదైనవి, పిల్లల చెమట తగిలితే పాడవుతాయి అని అతిథులు వచ్చిన రోజునే బయటికి తీస్తారు. తరగతిలో నేను అట్టముక్కల మీద జనపనార, ఇసుక, వేరుశనగ పొట్టు అంటించి నా బొమ్మలు నేనే చేసుకుంటాను. ఆ రోజు సభలో ఎక్కడో వెనక వరసలో కూర్చున్నాను. అయినా మన జిల్లా పటం మీలో ఎంతమందికి కళ్లు మూసుకుంటే కనిపిస్తుందో చెప్పండి. మనకు తెలిసినవి బస్సు రూట్లే కదా.

మర్నాడు పొద్దున్నే బడికి పోకుండా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి పోయాను. ఈ షీట్లు తీయడానికి వాడే ఇత్తడి పలకలు చెక్కింది అబ్దుల్ వాహిద్. దాతల సభలో శాలువా కప్పించుకున్నవాళ్లలో ఆయనొకడు. కమ్మలకు, లాకెట్లకు అచ్చులు చెక్కడంలో ఆయన చేతికి ఊళ్లో పేరుంది. అంగడి అప్పుడే తెరిచి ఊదొత్తి వెలిగిస్తున్నాడు. నేను షీటు తీసి చూపించగానే మొహంలో రంగు మారింది, కానీ మర్యాదకు లోటు చేయలేదు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

ఆయన ఒక అచ్చు నా చేతిలో పెట్టి పని ఎట్లా జరుగుతుందో చెప్పుకొచ్చాడు. అచ్చులో మామిడి పిందె ఎడమకు వంగి ఉంది. బంగారు రేకును దాంట్లో పెట్టి కొడితే బయటికొచ్చిన పిందె కుడికి వంగి ఉంటుంది. అందుకని అచ్చు చెక్కేవాడు ఏది చెక్కినా కుడిఎడమలు మార్చే చెక్కుతాడు. చిన్నప్పటి నుంచి చేతికి అదే అలవాటు. బడి వాళ్లు కాగితం మీద జిల్లా పటం ఇస్తే దాన్నీ అట్లాగే మార్చి ఇత్తడి మీద గీతలు లేపాడు. కానీ బడిలో ఉన్న మిషన్ పని వేరు. ప్లాస్టిక్ షీటు వేడికి మెత్తబడి పలక మీద పడి, పలక ఎట్లా ఉంటే అట్లాగే ఆ ఆకారం పట్టుకుంటుంది. అక్కడ తిరగబడేది ఏమీ లేదు. దాంతో పటం అద్దంలో చూసినట్టు వచ్చింది. జమ్మలమడుగు తూర్పుకు పోయింది, పులివెందుల ఆగ్నేయానికి పోయింది, పెన్నా నది వెనక్కి పారింది. ఊళ్ల పేర్లు బ్రెయిలీలో విడిగా కొట్టి తర్వాత ఆ చుక్కల పక్కన అంటించారు, అందుకే అవి మాత్రం చదవడానికి బాగానే ఉన్నాయి.

పొరపాటు ఎవరైనా చేస్తారు. చేతి అలవాటు అట్లాంటిది. ఇంతవరకూ నాకు ఆ మనిషి మీద కోపం రాలేదు. మిగతా పలకలు కూడా ఇంతేనా అని అడిగాను. రాష్ట్రం పటం, గుండె, చెవి, అన్నీ అట్లాగే చెక్కానని, అది సంగతే కాదన్నట్టు చెప్పాడు. ఎప్పుడు తెలిసింది మామా అని అడిగాను.

"మొదటి షీటు తీసిన రోజే తెలిసిపాయ మా. సార్‌కు చెప్పినా, మల్లా చెక్కిస్తానంటి. సారు వద్దనె. నాకూ పండగ ముందు పని ఒత్తిడి, సరేలే అనుకుంటి," అన్నాడు.

సరేలే అనుకున్నాడు. శాలువా కప్పించుకున్న ఫోటో మాత్రం రాత్రికి రాత్రే ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు. సారు ఎందుకు వద్దన్నాడో ఆయన్నే అడగమన్నాడు. వాహిద్ అచ్చు తిరగేసి చెక్కాడని బజార్లో తెలిస్తే ఎవరూ పనియ్యరు, తన పేరు ఎత్తొద్దని బతిమాలాడు. ఆ తర్వాత మాటల్లో ఇంకోటి కూడా జారాడు. మిషన్ మీద ఇంకా షీట్లు తీస్తూనే ఉన్నారంట, ఈ ఆదివారం పులివెందులలో సభ పెట్టి జిల్లాలో చూపులేని పిల్లలున్న బడులన్నిటికీ పంచుతారంట. టీ చల్లారిపోయింది. తాగబుద్ధి కాలేదు, అక్కడే పెట్టి లేచాను.

ఆటోలో కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో పిల్లల ముందు నా జనపనార పటం పెడితే, వాళ్లు దాని మీద చెయ్యి ఒకసారి అట్లా జార్చి, వెంటనే పాఠం అప్పజెప్పేవాళ్లు. ఇది కృష్ణ, ఇది పెన్నా, ఇది సముద్రం అని. అక్కడ నేను పెట్టింది బడి ఆవరణ పటం. నీళ్ల ట్యాంకు, వంటగది, గేటు, అంతే. కొత్త టీచరంటే భయమేమో అనుకున్నాను. వేలు ఆపి చదవండి, తొందరేం లేదు అని ఎంత చెప్పినా చెయ్యి ఆగేది కాదు. బొమ్మ మీద చెయ్యి జార్చడం ఒక పని, జవాబు చెప్పడం ఇంకో పని, ఆ రెండింటికీ సంబంధం లేదని వాళ్లకు ఎవరో బాగా ఒంటపట్టించారు.

ఒక్క మహీన్ మాత్రం ఆ రోజు చెయ్యి పెట్టకముందే నన్ను ఒక మాట అడిగింది. "టీచర్, ఇది నిజంగా చదవాల్నా, ఊరికే చెప్పాల్నా?" అంది. ఇదేం ప్రశ్న అని నవ్వాను. నిజంగానే చదవాలి, నీ వేలికి ఏది తెలిస్తే అదే చెప్పాలి, ఎవరేమన్నా సరే అన్నాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల వదల్లేదు. సాయంత్రం ఆటల గంటలో నా పక్కన కూర్చునేది. ముందు అంచులు పట్టుకోవడం, ఒక చేతిని ఒకచోట నిలిపి ఇంకో చేత్తో వెతకడం, ఏ గీత గరుకు, ఏ గీత నున్నన అని తేడా పట్టడం, అన్నీ నేర్చుకుంది. త్రిభుజంలో కోణం దగ్గర వేలు ఇరికించి, ఇది చిన్నది, ఇది పెద్దది అని కొలిచినట్టు చెప్పేది. పదో తరగతి లెక్కల పరీక్షలో బొమ్మల ప్రశ్నలు తీసేసి చూపులేని పిల్లలకు వేరేవి ఇవ్వొచ్చు. మహీన్ నాకవి వద్దంది. బొమ్మలతోనే రాస్తాను, ఇంటర్‌లో లెక్కలే తీసుకుంటాను అంది. ఆమెకు కావలసిందల్లా అదే. దానికి బడి పెద్ద ఒప్పుకోవాలి. ఆ పెద్ద ప్రేమ్ సాగర్.

నేను వెళ్లేసరికి ఆయన గదిలో మహీన్ ట్రంకు పెట్టె గోడకు ఆనించి ఉంది. వాళ్లమ్మ గౌసియా ముద్దనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మొగుడు ఫరూఖ్ కువైట్‌లో ఉన్నాడు, ఈమె ఇంట్లో బట్టలు కుట్టి ఈ పిల్లనూ, దీని తమ్ముణ్నీ చూసుకుంటుంది. మహీన్ అమ్మ పక్కన నిలబడి ఉంది. రెండు చేతులూ చున్నీలో చుట్టుకుంది. ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని తడుముతూ ఉండే పిల్ల, ఆ చేతులు అట్లా దాచుకోవడం నాకు బాధనిపించింది.

ప్రేమ్ సాగర్ గారి బల్ల మీద ఎప్పుడూ చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా ఒకటి ఉంటుంది. పిల్లల తల నిమిరిన ప్రతిసారీ, చెయ్యి పట్టుకుని నడిపించిన ప్రతిసారీ, గదిలోకి వచ్చి అది అరచేతిలో పోసుకుని రుద్దుకుంటారు. పిల్లలకు కనిపించదు కానీ వాసన వస్తుంది. ఆ వాసనకు ఒకరిద్దరు పిల్లలు చేతులు వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఆ రోజు కూడా అప్పుడే రుద్దుకున్నట్టున్నారు, గదంతా అదే వాసన. నేను కూర్చోకముందే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. తర్వాత కళ్లు తెరిచి, చావు కబురు చెప్పే గొంతుతో గౌసియాకు చెప్పడం మొదలుపెట్టారు.

"దేవుడు దీనికి కండ్లు ఇయ్యలా. వేళ్లల్లో సూక్ష్మం కూడా ఇయ్యలామ్మా. ఏం చేస్తాం చెప్పు. బొమ్మలు దీనికి అర్థం కావు. ఇంటికాడ పెట్టుకుని నీ పనిలో సాయంగా వాడుకో, పదో తరగతి ప్రైవేటుగా రాయిద్దాం."

గౌసియా తలూపింది. ఇట్లాంటి మాటలు పుట్టినప్పటి నుంచీ వింటున్న తల అది, ఊపడం అలవాటైపోయింది. మహీన్ కదల్లేదు. నేను సంచిలోంచి షీటు తీసి బల్ల మీద పెట్టాను. ముందువైపు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి. ఈ పటం కుడిఎడమలు మారిపోయింది సార్ అని, వాహిద్ అంగడికి పోయిన సంగతీ చెప్పాను. పేరెత్తొద్దన్నాడు, ఎత్తాను. ఆయన ఉలిక్కిపడతారనుకున్నాను, కనీసం తెలియనట్టు నటిస్తారనుకున్నాను. నటించను కూడా లేదు. షీటును ఒక వేలితో పక్కకు జరిపారు.

"తెలుసు. కూచో," అన్నారు.

"తెలిసి పిల్లోళ్లకు ఎట్ల ఇచ్చినారు సార్?"

"చూడు కెరోలిన్. ఎడమా కుడీ కండ్లుండేవాళ్లకు. ఈళ్లకు ఏదైతే ఏంది? జవాబులు నోటికి నేర్పించినాం, అందరూ సరిగ్గానే చెప్తాండారు. ఈ పిల్లొక్కతే ఇన్లా. చెప్పింది చెప్పకుండా తడుముకుంటా కూచుంటాది."

ఈ మాట ఆయన గొంతు తగ్గించకుండా చెప్పారు. ఆ పిల్ల రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆమెకు కళ్లు కనపడవు కాబట్టి చెవులూ వినపడవని అనుకున్నారేమో తెలీదు. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో వేళ్లే మా కళ్లు అని రాయించిన మనిషి ఈయన. ఆ వేళ్లను నమ్మొద్దని పిల్లలకు నేర్పించిన మనిషీ ఈయనే. ప్రశాంతి సభలో చప్పట్లు కొట్టించుకుంది చదివి కాదు, చదవకుండా ఉండి. బుద్ధిగా చెప్పినట్టు విన్న పిల్లలందరికీ బొమ్మంటే ఏమిటో తెలియకుండా పోయింది. ఇన్ని చప్పట్లు, ఇన్ని శాలువాలు, లోపల చూస్తే కుళ్లు. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు, మీరేమైనా అనుకోండి.

నేను ఆయనతో మాట్లాడటం ఆపేసి గౌసియా వైపు తిరిగాను. అమ్మా, నీ కూతురు తప్పు చెప్పలేదు, పటం తప్పు అన్నాను. ఆ పటం మీద జమ్మలమడుగు నిజంగానే కుడిపక్క ఉంది, తూర్పునే ఉంది. ఆ సభలో దాన్ని చదివింది నీ కూతురొక్కతే, మిగతావాళ్లు అప్పజెప్పారు అన్నాను. గౌసియాకు మొత్తం అర్థమైందో లేదో గానీ కూతురి మొహంలోకి చూసింది. మహీన్ చున్నీలోంచి చేతులు బయటికి తీసింది. మెల్లగా మాట్లాడింది, నాతోనే.

"టీచర్, మా దాదీ ఇల్లు జమ్మలమడుగులోనే గదా. సాయంత్రం బస్సుకు పోతే దావంతా ఎండ మొగానికి కొడ్తాది. అంటే పడమరే గదా అని నాకు తెలుసు. మల్ల షీటు మీద చూస్తే కుడిపక్క ఉండాది. నా మొగం తప్పా, నా వేలు తప్పా తెలీలా. వేలికి తెలిసిందే చెప్పాల అని మీరంటిరి. అందుకే వేలు మాటే చెప్తి."

ఆ పిల్లకు సరైన జవాబు ముందే తెలుసు. ప్రశాంతి లాగా పడమర అని ఊరుకుంటే చప్పట్లు కొట్టేవాళ్లు. అందరూ నవ్వుతారని తెలిసో తెలియకో, నా మాట మీద నమ్మకంతో, వేలు చెప్పింది చెప్పి ఆ నవ్వులన్నీ మొహాన వేయించుకుంది. నేను నేర్పిన చదువు ఆ పిల్లకు చేసిపెట్టిన మేలు అది.

ప్రేమ్ సాగర్ గారు మాత్రం ఒక నవ్వు నవ్వారు. తెలివైన పిల్లే అన్నారు. నిన్నటిదాకా వేళ్లలో సూక్ష్మం లేని పిల్ల ఈ నిమిషానికి తెలివైనది అయిపోయింది. కుర్చీలో ముందుకు జరిగి, గొంతులో కొంచెం చక్కెర కలుపుకుని, పులివెందుల సభ సంగతి ఎత్తారు. పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు, షీట్లన్నీ తయారై అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఇప్పుడు పలకలు మళ్లీ చెక్కించడం కుదిరే పని కాదు. చెక్కిస్తే మొదటివి తప్పని ఒప్పుకున్నట్టే. నిన్న ఈ పిల్లను చూసి నవ్వినవాళ్లే ఆదివారం అక్కడ కూడా ఉంటారు. అదే పిల్ల అదే పటం మీద వేలు పెట్టి సరైన జవాబు చెప్తే, మా బడిలో ఎట్లాంటి పిల్లకైనా నేర్పిస్తామని వాళ్లకు తెలిసొస్తుంది. అదీ ఆయన లెక్క.

"ఆదివారం వేలు పెట్టి పడమర అని ఒక్క మాట చెప్పు మహీన్. అబద్ధం కూడా కాదు గదా, పడమరే గదా. పెట్టె మల్లా హాస్టల్లో పెట్టుకో. లెక్కలు బొమ్మలతోనే రాద్దువు. నాదీ పూచీ," అన్నారు.

నిజాన్ని అబద్ధానికి పనికొచ్చేట్టు వాడుకోవడం ఎట్లాగో చూడాలంటే ఆ గదిలో ఉండాల్సింది. నోరు చెప్పేది నిజమే, వేలు మాత్రం అబద్ధమాడాలి. ఇది ఒప్పుకోవద్దని నేను నోరు తెరిచేలోపు ఆయన నా వైపు చూడకుండానే ఇంకో మాట కలిపారు. నాకు ఇష్టం లేకపోతే రేపటి నుంచి రాకపోయినా పర్వాలేదంట, అయితే ఈ పిల్లకు బొమ్మలు ఎవరు నేర్పుతారో ఆలోచించుకోమన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ మూసుకున్నాను.

గౌసియా మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెప్తాది సార్. మీరేం చెప్పమంటే అది చెప్తాది. చదువుకోనీండి, సాలు," అంది. ఆమెను తప్పు పట్టలేను. ఇల్లు వాకిలి వదిలి ఇంత దూరం వచ్చింది కూతుర్ని తీసుకుపోవడానికి, ఇప్పుడు తీసుకుపోనక్కర్లేదు అంటున్నారు. తూర్పేదో పడమరేదో ఆమెకు అంత ముఖ్యం కాదు.

అందరం మహీన్ వైపు చూశాం. ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. చేత్తో వెతికి షీటు అందుకుంది, తనకు తిన్నగా పెట్టుకుంది. అరచేతులు పరచలేదు, అంచు వెతకలేదు, ఎడమ వేలు ఎక్కడా నిలపలేదు. కుడి వేలును షీటు మీద గాల్లో ఊపినట్టు ఒకసారి అటు నుంచి ఇటు జార్చింది.

"ప్రొద్దుటూరుకు జమ్మలమడుగు పడమర దిక్కున ఉన్నది," అంది.

పాఠం అప్పజెప్పే గొంతు. ప్రశాంతి గొంతు, ఆ తరగతిలో అందరి గొంతు. ఇన్ని వారాలు కష్టపడి నేను ఆ పిల్లకు వేలు ఆపడం నేర్పితే, ఆపకుండా జార్చడం ఆమెకు ఒక్క నిమిషంలో వచ్చేసింది. ప్రేమ్ సాగర్ గారు భేష్ అని ఆమె వీపు తట్టి, సీసా అందుకుని, అరచేతులు రెండూ శ్రద్ధగా రుద్దుకున్నారు. ఆదివారం పొద్దున కారు పంపిస్తాను, మహీన్‌ను నువ్వే దగ్గరుండి పులివెందుల వేదిక మీదికి తీసుకురావాలి అని నాకు పని అప్పగించారు. నేను సరే అన్నానో లేదో నాకే గుర్తులేదు. అనే ఉంటాను.

గౌసియా మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నా చేతులు రెండూ పట్టుకుంది, నేనేదో మేలు చేసినట్టు. ఆమె కళ్లలోకి చూడలేక సంచి సర్దుకున్నాను. ట్రంకు పెట్టెకు ఒకపక్క నేను, ఒకపక్క మహీన్ పట్టుకుని హాస్టల్ వైపు నడిచాం. వరండాలో ఎవరూ లేరు, తరగతుల్లో పిల్లలు ఏదో వల్లె వేస్తున్నారు. నాకు ఆ పిల్లతో ఏం మాట్లాడాలో తెలియలేదు. తప్పు చేస్తున్నావు అందామంటే, చేయించిన వాళ్లలో నేనూ ఉన్నాను. బాగా చెప్పావు అనడానికి నాలుక తిరగలేదు.

మెట్ల దగ్గర మహీన్ ఆగింది. పులివెందుల సభకు శానా మంది వస్తారా టీచర్ అని అడిగింది. వస్తారన్నాను. మిగతా బడుల్లోని చూపులేని పిల్లల్ని కూడా తీసుకొస్తారా అంది. వాళ్లకే కదా షీట్లు పంచేది, అందర్నీ తీసుకొస్తారు, ముందు వరసల్లో కూర్చోబెడతారు అన్నాను. ఆ పిల్ల కొంచెంసేపు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తల వంచుకుంది.

"ఆడ మైకు టేబుల్ మీద పెడ్తారా, చేతికి ఇస్తారా?"

"చేతికే ఇస్తారు. యాల?"

"ఏంలా టీచర్. చేతికిస్తే గట్టిగా పట్టుకోవచ్చు," అంది మహీన్. "మధ్యలో ఎవురూ గుంజుకోలేరు."